తొలి పెయింట్‌బాల్ పోటీకి వెళ్ళే ముందు: మాస్కు, మాట, మర్యాద

హోసూరు, కోలారు నుంచి బెంగళూరుకు, సోలాపూర్ నుంచి పుణెకు, బరంపురం నుంచి భువనేశ్వర్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లలకు ఈమధ్య కొత్త కొత్త ఆటలు పరిచయమవుతున్నాయి. వాటిలో పెయింట్‌బాల్ ఒకటి. మొదట ఆఫీసు వాళ్ళతోనో, స్నేహితుడి పుట్టినరోజుకో వెళ్ళి సరదాగా ఒక గంట ఆడతారు. తర్వాత జట్టులో ఎవరో ఒకరు "ఐదుగురం ఉన్నాం కదా, పోటీకి పేరు ఇద్దాం" అంటారు. ఇంట్లో ఆ సంగతి చెప్పగానే నాయనమ్మ "తుపాకులతో కాల్చుకునే ఆటా?" అని అడుగుతుంది.

నాయనమ్మ అడిగింది సబబే. దానికి తిన్నగా జవాబు చెప్పుకున్నాకే పోటీకి తయారవ్వాలి. సరదాగా ఆడే గంటకూ, పోటీకీ చాలా తేడా ఉంది. పోటీలో ఎదుటివాళ్ళు గెలవడానికే వస్తారు, బంతులు ఎక్కువగా వస్తాయి, ఆట వేగంగా సాగుతుంది. కొత్తవాళ్ళు ఏ తుపాకీ మంచిది, ఎన్ని బంతులు కొనాలి అని ఆలోచిస్తారు. నిజానికి ముందు చూసుకోవలసినవి మూడు: ముఖానికి మాస్కు, జట్టులో మాట, ఆటలో మర్యాద. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు.

ఈ ఆట ఎలా పుట్టింది

పెయింట్‌బాల్ తుపాకీని మొదట మనుషుల మీద కాల్చడానికి తయారు చేయలేదు. అమెరికాలో అడవి పనివాళ్ళు నరకవలసిన చెట్లకూ, పశువుల కాపరులు మందలోని పశువులకూ దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి దాన్ని వాడేవారు. నెల్సన్ అనే రంగుల కంపెనీ ఆ బంతులను తెచ్చింది. మందు గొట్టాల మాదిరిగా జెలటిన్ తొడుగులో రంగు నింపేవారు. గుర్తు పెట్టే పనిముట్టు కాబట్టే ఆటగాళ్ళు ఇప్పటికీ దాన్ని 'మార్కర్' అంటారు.

పట్నంవాడా, పల్లెటూరివాడా, అడవిలో వదిలేస్తే ఎవడు నెగ్గుకొస్తాడు అని ఇద్దరు మిత్రులు వాదించుకున్నారు. ఆ వాదన తేల్చుకోవడానికి 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్‌లో 12 మంది ఈ మార్కర్లతో తొలి ఆట ఆడారు. అడవిలో దాచిన జెండాలను ఎదుటివాళ్ళకు చిక్కకుండా పోగుచేసుకుని రావాలి. గెలిచినవాడు రిచీ వైట్ అనే అడవి పనివాడు. అతను ఒక్క బంతి కూడా కాల్చలేదు. చప్పుడు చేయకుండా చెట్ల మాటున నడిచి జెండాలన్నీ తెచ్చాడు. మొదటి పోటీకి వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. ఎక్కువ కాల్చినవాడికన్నా, ఎక్కడ నిలబడాలో తెలిసినవాడికే ఈ ఆటలో అనుకూలం.

కన్ను ఒక్కటే పెద్ద ప్రమాదం

మామూలు పెయింట్‌బాల్ అడ్డుకొలత 0.68 అంగుళాలు, అంటే 17 మిల్లీమీటర్లు. పిల్లలు ఆడే గోలీ అంత ఉంటుంది. బరువు దాదాపు 3 గ్రాములు. మార్కర్ నుంచి సెకనుకు 280 నుంచి 300 అడుగుల వేగంతో బయటికి వస్తుంది. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగం అది. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, రూపాయి బిళ్ళంత కమిలి కొన్నాళ్ళకు పోతుంది. కంటికి తగిలితే మాత్రం లోపల రక్తం చేరవచ్చు, రెటీనా చిరగవచ్చు, చూపే పోవచ్చు. పెయింట్‌బాల్ వల్ల కన్ను దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ క్షణంలో మాస్కు పెట్టుకోనివాళ్ళు, లేదా మధ్యలో తీసినవాళ్ళేనని కంటి వైద్యులు రాసిన నివేదికలు చెబుతున్నాయి.

కాబట్టి నియమం ఒక్కటే: మైదానం గీత లోపల ఉన్నంతసేపూ మాస్కు ముఖం మీదే ఉండాలి. ఆట అయిపోయిందని ఈల వేసినా సరే, గీత దాటి బయటికి వచ్చేదాకా తీయకూడదు.

ఇంత తేలికైన నియమాన్ని జనం ఎందుకు తప్పుతారు? చాలాసార్లు కారణం ఆవిరి. చెన్నైలో, ముంబైలో, యానాంలో గాలిలో తేమ ఎక్కువ. పరుగెత్తి వచ్చి ఒగరుస్తుంటే మాస్కు అద్దం లోపలివైపు మసకబారుతుంది. ఏమీ కనబడక, ఒక్క క్షణమే కదా అని చెయ్యి మాస్కు కిందికి వెళ్తుంది. ఆ క్షణం రాకుండా ముందే జాగ్రత్తపడాలి.

రెండు పొరల అద్దం ఉన్న మాస్కుకు ఆవిరి బాగా తక్కువగా పడుతుంది. అద్దెకు ఇచ్చేవి తరచుగా ఒక పొరవే ఉంటాయి. జట్టులో ఎవరైనా ఒక్క వస్తువు సొంతానికి కొనుక్కోదలిస్తే అది మార్కర్ కాదు, రెండు పొరల మాస్కు. పెయింట్‌బాల్ కోసమే చేసినదై ఉండాలి, మాస్కు మీద ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. మోటారు సైకిల్ హెల్మెట్, ఈత కళ్ళద్దాలు, క్రికెట్ హెల్మెట్ దీనికి పనికిరావు. చూపు అద్దాలు వాడేవాళ్ళు వాటి మీద సరిగా కూర్చునే మాస్కును ముందురోజే పెట్టి చూసుకోవాలి. చూపు అద్దాలకు కూడా ఆవిరి పడుతుంది కాబట్టి ఆవిరి పట్టని ద్రవం రెండింటికీ రాయాలి. మాస్కు అద్దాన్ని మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. కిటికీ అద్దాలు తుడిచే మందులు ఆ ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి.

ఇంత చేసినా ఆటలో ఏమీ కనబడకపోతే బంకర్ వెనక కూర్చుని, తల దించుకుని, చెయ్యెత్తి రెఫరీని పిలవాలి. ఆయన రాకపోతే "నేను ఔట్" అని చెప్పి చెయ్యెత్తి బయటికి నడవాలి. ఒక ఆట పోతుంది, అంతే. ఈ మాట జట్టులో అందరూ ముందే ఒప్పుకోవాలి. అలా బయటికి వచ్చినవాడిని తర్వాత ఎవరూ తప్పుపట్టకూడదు.

పేరు ఇచ్చే ముందు నిర్వాహకులను అడగండి

పోటీల నియమాలు చోటును బట్టి మారతాయి. డబ్బు కట్టే ముందే ఈ సంగతులు తెలుసుకోవాలి.

జట్టుకు ఎంతమంది? ఆట జెండా తేవడమా, ఎదుటి జట్టును మొత్తం ఔట్ చేయడమా? ఒక్కో ఆట ఎన్ని నిమిషాలు? గెలుపుకు, బతికి ఉన్న ఆటగాళ్ళకు పాయింట్లు ఎలా లెక్కిస్తారు?

బంతి వేగానికి హద్దు ఎంత? ప్రతి మార్కర్‌నూ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి చూస్తారా? అది లేని చోట పోటీ ఆడకపోవడమే మంచిది. వేగం ఎంతో కొలవకపోతే దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో ఎవరికీ తెలియదు.

వయసు హద్దు ఎంత? చిన్న పిల్లలకు 0.50 అంగుళాల చిన్న బంతుల ఆట వేరుగా ఉందా? ఆ బంతి బరువు పెద్దదానిలో సగం కూడా ఉండదు కాబట్టి దెబ్బ తక్కువ.

బంతులు బయటినుంచి తేవచ్చా, అక్కడే కొనాలా? మన దగ్గర ప్రవేశ రుసుము తక్కువగా చెప్పి బంతులకు వేరే తీసుకోవడం మామూలే. కట్టవలసిన మొత్తం ఎంతవుతుందో ఒకేసారి లెక్క వేయించుకోండి.

అక్కడ ప్రథమ చికిత్స తెలిసినవారు ఉంటారా? దగ్గరలో కంటి ఆసుపత్రి ఏది? దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ఈ సంగతే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, మరాఠీలోనో ఉండవచ్చు. ఇంట్లో ఆ భాష బాగా చదివేవారితో ఒకసారి చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. పద్దెనిమిది ఏళ్ళు నిండని పిల్లల విషయంలో ఇది పెద్దల బాధ్యత.

బట్టలు, బూట్లు

ఒళ్ళంతా కప్పే పాత బట్టలు చాలు. నిండు చేతుల చొక్కా, దాని లోపల పాత బనియను, వదులు ప్యాంటు. వదులు బట్ట మీద పడిన బంతి ఒక్కోసారి పగలకుండా జారిపోతుంది, పగలని బంతి లెక్కలోకి రాదు. మెడకు తువ్వాలు చుట్టి, కొసలు చొక్కా లోపలికి దోపుకోవాలి. వేలాడే కొస దేనికైనా తగులుకుంటుంది. చేతులకు సైకిల్ తొడుగులు, తలకు టోపీ లేదా గుడ్డ ఉంటే మేలు. మగవాళ్ళు క్రికెట్‌లో వాడే గార్డు, ఆడవాళ్ళు ఛాతీ రక్షణ వేసుకోవాలి. బూట్లకు రబ్బరు పళ్ళు ఉండవచ్చు, ఇనుప ముళ్ళు ఉండకూడదు.

రంగు గురించి బెంగ అక్కర్లేదు. లోపల ఉండేది నీళ్ళలో కరిగే రంగు, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం. నీళ్ళతో ఉతికితే చాలావరకు పోతుంది. జెలటిన్ పశువుల నుంచి తీసినది కాబట్టి ఆచారం పాటించే ఇళ్ళవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. మిగిలిన బంతులు ఇంటికి తెస్తే కుక్కకు అందకుండా పెట్టాలి. వాటిని తిన్న కుక్కలకు ప్రాణం మీదికి వస్తుంది.

ఎండ, తేమ, గ్యాసు

జెలటిన్ తేమ పీలుస్తుంది. వానాకాలంలో బంతులు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, మార్కర్ గొట్టంలోనే పగిలిపోతాయి. అలా ఒకటి పగిలితే తర్వాతవన్నీ వంకరగానే పోతాయి. బంతుల సంచి ఆట మొదలయ్యే దాకా విప్పకండి, నేల మీద పెట్టకండి, ఎండలో వదలకండి. నేల మీద పడిన బంతిని తీసి మళ్ళీ వేయకండి. ఒక్క ఇసుక రేణువు చాలు గొట్టాన్ని పాడుచేయడానికి.

మార్కర్‌కు కార్బన్ డయాక్సైడ్ సీసా ఉంటే ఎండ సంగతి కూడా చూడాలి. సీసా వేడెక్కితే లోపలి పీడనం పెరిగి బంతి వేగం కూడా పెరుగుతుంది. పొద్దున హద్దులో ఉన్న మార్కర్ మధ్యాహ్నానికి హద్దు దాటవచ్చు. అందుకని మధ్యాహ్నం మళ్ళీ వేగం కొలవమని మీరే అడగండి. గ్యాసు సీసాలను తిప్పడం, విప్పడం మైదానం మనిషి పని, ఆటగాళ్ళది కాదు.

తొలి పోటీకి మార్కర్ కొననవసరం లేదు. పోటీ జరిగే చోటికే ముందుగా రెండుసార్లు వెళ్ళి, అక్కడ అద్దెకిచ్చే మార్కర్‌తోనే ఆడితే చేతికి అలవాటవుతుంది.

తుపాకీ లేకుండా నాలుగు వారాల సాధన

సాధనలో సగం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. పోటీ మైదానంలో గాలి నింపిన బంకర్లు రెండువైపులా సమానంగా అమర్చి ఉంటాయి. వాటి వెనక ఒంటిని దాచుకోవడం, ఒక బంకర్ నుంచి ఇంకోదానికి పరుగెత్తడం, తల కనబడనీయకుండా చూడటం ముఖ్యం.

మొదటి వారం కాళ్ళ కోసం. పదిహేను అడుగుల పరుగు, చివర మోకాలి మీద కూర్చోవడం, మళ్ళీ లేచి పరుగు. రోజుకు ఇరవైసార్లు. కబడ్డీ ఆడిన పిల్లలకు ఇది సులువు.

రెండో వారం చేతుల కోసం. గోడ మూల దగ్గర మడిచిన గొడుగును మార్కర్‌లా పట్టుకుని నిలబడండి. గోడకు కుడివైపు నుంచి తొంగిచూసేటప్పుడు గొడుగు కుడిచేతిలో, ఎడమవైపు నుంచి చూసేటప్పుడు ఎడమచేతిలో ఉండాలి. చెయ్యి మార్చకపోతే సగం ఒళ్ళు బయట పడుతుంది. ఒకే ఎత్తులో రెండుసార్లు తొంగిచూడకూడదు. మొదటిసారి తల కనబడిన చోటికే ఎదుటివాడు గురిపెట్టి ఉంచుతాడు.

మూడో వారం పని పంచుకోవడం. ఐదుగురిలో ఒకరిద్దరు ముందుకు పరుగెత్తేవాళ్ళు, ఒకరు మధ్యలో ఉండి సాయపడేవారు, ఇద్దరు వెనక ఉండి కాల్పులతో ఎదుటివాళ్ళ తలలు ఎత్తనీయకుండా చూసేవాళ్ళు. వెనక ఉన్నవాళ్ళకు మైదానం ఎక్కువగా కనబడుతుంది కాబట్టి కబురు చెప్పడం వాళ్ళ పని. చురుకైనవాడు ముందుకు, గట్టి గొంతు ఉన్నవాడు వెనక్కు.

నాలుగో వారం మైదానానికి వెళ్ళి అంతా కలిపి ఆడండి. బంతులు లెక్కగా వాడండి. అద్దె మార్కర్‌కు మీట ఒకసారి నొక్కితే ఒక బంతే వస్తుంది. భయంతో నొక్కుతూపోతే రెండు నిమిషాల్లో సంచి ఖాళీ.

మాట: మన భాష పనికొచ్చే చోటు

కొత్త జట్లు ఓడిపోయేది తరచుగా మాటలు లేకనే. బంకర్ వెనక ఉన్నవాడికి ఎదురుగా ఉన్నది తప్ప మిగతా మైదానం కనబడదు. ఎవరు ఎక్కడున్నారో మిగతావాళ్ళు అరిచి చెప్పాలి. మాస్కులో గొంతు మూసుకుపోయి వినిపిస్తుంది కాబట్టి మాటలు పొట్టిగా ఉండాలి, ఒకదానితో ఒకటి కలిసిపోకూడదు.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడతారు. కంగారులో ఏ భాష నోటికొస్తే అది అరుస్తారు. ఒకడు 'లెఫ్ట్' అంటే ఇంకొకడు 'కుడి' అంటాడు, మూడోవాడు 'బల' అంటాడు. ఏ భాష అయినా ఫర్వాలేదు, జట్టంతా ఒక్కటే వాడాలి. జట్టులో తెలుగురాని స్నేహితుడు ఉంటే అతనికీ ఆ పది మాటలూ ముందే నేర్పాలి.

బంకర్లకు పేర్లు పెట్టుకోండి. నేల మీద పొడవుగా పడుకుని ఉండేదాన్ని ప్రపంచమంతా 'పాము' అనే అర్థంలోనే పిలుస్తారు. ఇంకోవైపు ఉండే మూడు మూలల బంకర్లకు 'సమోసా' అనండి. నిలువు గుండ్రటిది 'రోకలి', మెట్లుగా పైకి సన్నబడేది 'గోపురం'. "అన్నా, గోపురం వెనక ఇద్దరు!" అంటే అందరికీ ఒకే బొమ్మ కళ్ళకు కడుతుంది.

ఇక బెంగళూరులోనో చెన్నైలోనో ఎదుటి జట్టులోనూ తెలుగు తెలిసినవాళ్ళు ఉండవచ్చు. మీరు 'ఎడమ' అని అరిస్తే వాళ్ళకూ తెలిసిపోతుంది. దానికి మన తాతల దగ్గర ఒక ఉపాయం ఉంది. నాగలికి కట్టిన జోడులో ఎడమ ఎద్దు దాపటిది, కుడి ఎద్దు వలపటిది. 'దాపల' అంటే ఎడమ, 'వలపల' అంటే కుడి. పట్నంలో పెరిగిన చాలామందికి ఈ మాటలు తెలియవు. అయితే రెండూ 'పల' అనే ముగుస్తాయి, మాస్కులోంచి ఒకేలా వినిపిస్తాయి. అందుకని 'దాప', 'వల' అని కుదించి అరవండి. కన్నడ 'బల', తమిళ 'వలం' తెలిసినవాళ్ళు రెండోదాన్ని పట్టేయవచ్చు, ఆ సంగతీ గుర్తుంచుకోండి. ఇంట్లో సేద్యం చేసిన తాత ఉంటే, ఎద్దులను అదిలించే మాటలు ఇంకేం ఉన్నాయో అడిగి చూడండి. ఒక సాయంత్రం కబుర్లకు సరిపోతాయి.

మర్యాద: తగిలితే తగిలిందనడం

బంతి తగిలి, పగిలి, రంగు అంటితే ఔట్. పగలకుండా ఎగిరిపోతే ఔట్ కాదు. అనుమానం వస్తే రెఫరీని చూడమని అడగాలి. ఔటైనవాడు వెంటనే చెయ్యెత్తి, 'హిట్' అని అరిచి, మార్కర్ మూతికి కవర్ తొడిగి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడవాలి. బయటికి వెళ్తూ జట్టువాళ్ళకు ఎదుటివాళ్ళ జాడ చెప్పడం కూడా తప్పే.

రంగును చేత్తో తుడిచేసి ఆడటం ఈ ఆటలో అన్నిటికన్నా నీచంగా చూసే పని. రెఫరీకి దొరికితే తుడిచినవాడితోపాటు జట్టులో ఇంకొకరిని కూడా బయటికి పంపే నియమం చాలా పోటీల్లో ఉంది. చెయ్యెత్తినవాడి మీద కాల్చడం, మరీ దగ్గర నుంచి కాల్చడం కూడా తప్పులే. దగ్గర దూరం ఎంతో పోటీ నియమాల్లో ఉంటుంది, ముందే అడగండి. రెఫరీ మాట నచ్చకపోతే జట్టు నాయకుడు ఒక్కడే, ఆట అయ్యాక వెళ్ళి మాట్లాడాలి.

పోటీ రోజు

ఒక గంట ముందే చేరండి. మార్కర్ల వేగం కొలిపించుకుని, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. ప్రతి బంకర్ వెనకా మోకాలి మీద కూర్చుని అక్కడినుంచి ఏం కనబడుతుందో చూడండి. మొదటి పది క్షణాల్లో ఎవరు ఎటు పరుగెత్తాలో ఒక కాగితం మీద గీసుకోండి. ఆ గీత ఒక్కటే పక్కాగా ఉంటే చాలు, తర్వాతిది ఆటను బట్టి నడుస్తుంది.

పొద్దున ఇడ్లీయో, పెరుగన్నమో తేలికగా తినండి. నీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు జట్టుకు సరిపడా ఉంచుకోండి. మాస్కు, రెండు పొరల బట్టలతో ఎండలో పరుగెత్తితే ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది. తల తిరిగినా, కాళ్ళు పట్టేసినా నీడలో కూర్చోబెట్టండి.

కంటికి దెబ్బ తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. ఒక శుభ్రమైన కాగితపు కప్పును కంటికి తగలకుండా పైన అడ్డుగా పెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. చూపు బాగానే ఉందనిపించినా ఆ రోజే చూపించుకోవాలి. లోపలి రక్తస్రావం, రెటీనా చిరుగు, కంటి పీడనం పెరగడం కొన్నిసార్లు తర్వాత బయటపడతాయి. బంతి తగలకుండా రంగు మాత్రం కంట్లో చిందితే శుభ్రమైన నీళ్ళతో బాగా కడిగితే సరిపోతుంది, మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తొలి పోటీలో చాలా జట్లు మొదటి మూడు ఆటలూ ఓడిపోతాయి. దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఓడిన జట్లతో గెలిచినవాళ్ళు కూర్చుని, మీరు ఎక్కడ తప్పటడుగు వేశారో చెప్పే అలవాటు ఈ ఆటలో ఉంది. వెళ్ళి అడగండి. ఇక నాయనమ్మకు చెప్పవలసిన జవాబు: ఇది కాల్చుకునే ఆటే, కానీ మాస్కు దిగని చోట, వేగం కొలిచే చోట, తగిలితే తగిలిందని ఒప్పుకునే చోట ఆడతామని. ఆ మూడూ లేని చోటికి వెళ్ళకుండా ఆగడం కూడా తయారీలో భాగమే.